పుల్ సాబ్ కట్టిన వంతెన

ఆయన పోయిన కబురు నాకు ఫోన్లో అందింది. మా ఆరోగ్య కేంద్రాల గ్రూపులో ఎవరో పెట్టారు. దండ వేసిన ఫోటో, ఛాతీ మీద పతకాలు, కింద హిందీలో నాలుగు వాక్యాలు. బస్తర్ అడవుల్లో దారిలేని పల్లెలకు వంతెనలు ఇచ్చిన సైనిక ఇంజనీరు, క్రమశిక్షణకు మారుపేరు అని రాశారు. కింద అందరూ దండం పెట్టే బొమ్మలు వరసగా పెట్టుకుంటూ పోయారు. నేనూ ఒకటి పెట్టబోయాను గానీ, "ఇచ్చిన" అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది. క్రమశిక్షణ సంగతికి నాకు అభ్యంతరం లేదు. అది ఆయన దగ్గర దండిగా ఉండేది. ఆయనకు సరిపోగా మిగిలింది మా ఊరి నెత్తిన పోశాడు కూడా.

నేను చర్ల వైపు పుట్టి, పెళ్ళయ్యాక బస్తర్ లోని ఉసూర్ వైపు వచ్చినదాన్ని. ఒక చిన్న ఊళ్ళో నర్సును. మా ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది, పోయి తాలిపేరు నదిలో కలుస్తుంది. రోడ్డు మీద జీపులు తిరుగుతాయి, సంత ఉంటుంది, బీజాపూర్ పోవాలన్నా అటే పోవాలి. వాగుకు ఇవతల మేమూ మా అడవీ. వానలకు ముందు మగవాళ్ళు తాటి దుంగలు తెచ్చి, వాగు ఇరుకైన చోట అడ్డంగా వేసి, చివర్లకు రాళ్ళు పేర్చేవాళ్ళు. పెద్ద వరద వస్తే కొట్టుకుపోయేవి. మళ్ళీ వేసేవాళ్ళు. వాటి మీద నడవడం నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. తరవాత మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని కూడా దాటేదాన్ని.

తొలకరి పడ్డాక వచ్చాడు ఆయన. సైన్యంలో వంతెనలు కట్టే విభాగంలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. ఇక్కడి క్యాంపుల్లోని జవాన్లకు ఆ విద్య నేర్పమని పిలిపించారట. హోదాకు కల్నల్. ఆ మాట మా వాళ్ళ నోట తిరగలేదు. హిందీలో వంతెనను పుల్ అంటారు కాబట్టి పుల్ సాబ్ అన్నారు.

మొదటిరోజు నీడ కోసం మా కేంద్రం అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. చొక్కా మడతలు చేతికి తగిలితే తెగేట్టున్నాయి. మెడలో ఒక ఈల వేలాడుతోంది. నేను లోపల్నుంచి వచ్చి, ఏ భాషలో మాట్లాడాలో తెలియక, చివరికి తెలుగులోనే అడిగాను.

"ఏంది సార్, నీళ్ళు కావాల్నా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "తెలుగా! నాది విశాఖపట్నం సిస్టర్!" అన్నాడు. సంతోషం అంతటితో ఆగి, వెంటనే దిద్దడం మొదలైంది. "ఏంది అనకూడదమ్మా. ఏమిటి అనాలి. ఇంత దూరంలో ఉండి భాషని పాడుచేసుకుంటే ఎలా?"

మా ఇంట్లో మాట్లాడేది దోర్లీ. సంతలో హల్బీ, ఆఫీసువాళ్ళతో హిందీ. తెలుగు మా అమ్మతో ఫోన్లో మాత్రమే. అందులో పాడైంది ఏదో, మిగిలింది ఏదో నాకే తెలియదు. నీళ్ళిచ్చాను. ఆ తర్వాత ఆయన ఎదురుగా ఎన్నిసార్లు "ఏంది" అన్నానో. కావాలనే అనేదాన్ని.

రోజూ వచ్చేవాడు. టీ ఇస్తే తాగే ముందు రెండు గ్లాసులు ఎడంగా పెట్టి, వాటి మధ్య బిస్కెట్లు ఒకదానిమీద ఒకటి కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పేర్చేవాడు. వెనక బరువు ఉంటే ముందు భాగం గాలిలోకి ఎంత పోయినా పడదని చూపించేవాడు. నిజంగానే పడేది కాదు. అవతలి గ్లాసు అంచుకు బిస్కెట్ ఆనగానే, "చూశారా!" అని నావైపు చూసి, ఆ వంతెనను ఒక్కొక్క బిస్కెట్టే టీలో ముంచుకుని తినేసేవాడు.

ఆయన మాటలన్నీ శిక్షణ గురించే. సైన్యం ఇంజనీరింగు కాలేజీలో చదివిన రోజుల్ని, కొందరు పెళ్ళిరోజును తలుచుకున్నట్టు తలుచుకునేవాడు.

"మాకు మొట్టమొదట నేర్పింది ఏమిటో తెలుసా సిస్టర్? గొయ్యి. పొద్దున్న కొలత ప్రకారం తవ్వాలి. సాయంత్రం అదే గొయ్యి పూడ్చాలి. ఎందుకండీ అని అడిగినవాడు ఇంకోటి తవ్వాలి."

"మీరు అడిగిన్రా సార్?"

"ఛ!" అన్నాడు, నేనేదో అనరాని మాట అన్నట్టు. "నేనెప్పుడూ అడగలేదు. అందుకే ఇంతవాణ్ణి అయ్యాను."

చేతిలో ఎప్పుడూ ఒక తాడుముక్క ఉండేది. మాట్లాడుతూ ముడులు వేస్తుండేవాడు. ఒకసారి జోగమ్మ అనే పిల్ల తన చంటిదానికి టీకా వేయించడానికి వచ్చింది. ఆమెకు అది తొలి కాన్పు. పిల్లను మా వరండా దూలానికి చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. పుల్ సాబ్ లేచి వెళ్ళి ఆ ముడి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది జారుతుంది" అని విప్పి, తన పద్ధతిలో మళ్ళీ కట్టాడు. ముడి జారలేదు. సాయంత్రం జోగమ్మ ఇంటికి పోదామంటే విడనూ లేదు. చివరికి ఆమె కొడవలితో చీర కోసుకుని పిల్లను ఎత్తుకుపోయింది. దూలానికి వేలాడే పేలికను మర్నాడు ఆయన జవాన్లకు చూపించి, ముడి అంటే ఇలా ఉండాలని చెప్పాడు.

ఆ ఈల సంగతి కూడా చెప్పాలి. పొట్టి ఈల ఊదితే జవాన్లు ఎత్తాలి. జంట ఈలకు తోయాలి. పొడుగు ఈలకు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి. వారం తిరక్కముందే మా ఊరి పశువులు పొడుగు ఈలకు నడిదారిలో నిలబడిపోవడం మొదలుపెట్టాయి. కాపరి ఎంత అదిలించినా కదిలేవి కావు. జవాన్ల కంటే అవే త్వరగా నేర్చుకున్నాయని నేనంటే ఆయన నవ్వలేదు. నిజమేనన్నాడు.

తర్వాత లారీలు వచ్చాయి. రోడ్డు వైపు గట్టు మీద ఇనప చట్రాలు దింపారు. ఒక్కొక్క చట్రాన్ని ఆరేడుగురు మోసుకొచ్చి, ఒకదానికొకటి పిన్నులతో బిగించి, రోలర్ల మీద పెట్టి అటునుంచి ఇటు తోయాలి. వాగు ఇరుకుగా ఉన్న చోటే అనువైన చోటు. అక్కడ మా తాటి దుంగలున్నాయి. వాటిని లాగి పారేయమన్నాడు.

మా ఊరి పెద్దాయన ఒకడు వచ్చి అడిగాడు. "దుంగలు ఎందుకు దీస్తుండ్రు? పక్కకు ఏసుకుంటే కాదా?"

నేను సాబ్ కు చెప్పాను. ఆయన నవ్వాడు. "వంతెన వస్తుంటే ఇంకా దుంగలెందుకు? చెప్పండి సిస్టర్."

నేను దోర్లీలో చెప్పాను. జనం కూడా నవ్వారు. ఆ మాట అంత బాగుంది. దుంగల్ని రంపంతో కోసి రోలర్ల కింద దిమ్మలుగా పెట్టించాడు.

వంతెన లేవడం చూడ్డానికి మాత్రం బాగుండేదని ఒప్పుకుంటాను. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేలోపు ఇనప ముక్కు వాగు మీదుగా గాలిలో వచ్చి వచ్చి మా గట్టుకు ఆనింది. మీద చెక్కలు పరిచారు. జవాన్లు జై కొట్టారు. మా ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లారు. ఒక కోడిపుంజును కోసి నెత్తురు ఇనుము మీద చుక్కలు పెట్టారు. పుల్ సాబ్ మధ్యలో నిలబడి ప్రసంగం చేశాడు. ఈ వంతెన మీద యుద్ధట్యాంకు కూడా పోగలదన్నాడు. నేను తర్జుమా చేస్తే పెద్దాయన, "ట్యాంకెందుకు, అంబులెన్సు వస్తే చాలు" అన్నాడు. అది నేను సాబ్ కు చెప్పాను. "ఎందుకు రాదు!" అన్నాడు ఆయన. నేను ఆ రాత్రి ఎన్నాళ్ళకో నిశ్చింతగా పడుకున్నాను. కాన్పు నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసి వాగు దాటించే బాధ నాకు తప్పిందనుకున్నాను.

మర్నాడు సంత. వంతెన మోజులో ఊరు ఊరంతా కదిలింది. ఏమీ కొనేది లేనివాళ్ళు కూడా పోయారు. జోగమ్మ ఎప్పుడూ పిల్లను వీపున కట్టుకుని పోయేది. ఆ రోజు వంతెన ఉంది కదా, పిల్లకు ఆకలయ్యేలోపు వచ్చేస్తానని అత్తకు అప్పగించి, అమ్మడానికి ఇప్పగింజల పలుకు గంప నెత్తిన పెట్టుకుని పోయింది.

ఎండ నెత్తిమీదికి వచ్చాక ఈల వినిపించింది. ఎత్తమనే ఈల. ఇంకా ఎత్తేది ఏముందని వాగు దగ్గరకు వెళ్ళాను. మీద చెక్కలు సగం లేవు. జవాన్లు వాటిని వరసలో మోసుకుని రోడ్డు వైపు పోతున్నారు. పుల్ సాబ్ మా గట్టు మీద నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"ఏంది సార్ ఇది? ఏమన్న ఖరాబయిందా?"

"ఏమీ కాలేదు. విప్పుతున్నాం."

"ఎందుకు?"

"శిక్షణ అంటే కట్టడం సగమే సిస్టర్. విప్పడం మిగతా సగం. ఈ సామాను ఎల్లుండికి ఇంకో క్యాంపుకి చేరాలి."

నేను ఆయన ముఖంలోకి చూశాను. పరిహాసమేమోనని. ఆయనకు పరిహాసం చేతకాదని గుర్తొచ్చింది.

"మరి మా ఊరోళ్ళంత సంతకు పోయిన్రు సార్. ఎట్ల వస్తరు? దుంగలు సుత మీరే కోసిన్రు."

"నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. దిగి వస్తారు" అన్నాడు. అప్పటికి అది నిజమే. జంట ఈల ఊదాడు. తను ఆ ఇనప అస్థిపంజరం మీద తడబడకుండా నడుచుకుంటూ అవతలికి వెళ్ళాడు. ఆయన వెనకాలే వంతెన కూడా వెళ్ళిపోయింది.

పైన కొండల్లో వాన పడుతున్నట్టు మాకు ఉరుములు వినిపిస్తూనే ఉన్నాయి. చివరి చట్రం లారీ ఎక్కేసరికి నీళ్ళు రంగు మారాయి. సంత జనం గట్టుకు వచ్చేసరికి మోకాలి లోతు మనిషి లోతైంది. చెట్లకొమ్మలు కొట్టుకొస్తున్నాయి. అవతల వాళ్ళందరూ గంపలతో నిలబడిపోయారు. ఎక్కడ వంతెన అని ఒకరినొకరు అడుగుతున్నట్టు చేతులు తిప్పుతున్నారు.

ఇవతల జోగమ్మ అత్త పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పొద్దున తాగిన పాలు. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు కీచుగా మారింది. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఇంకొకతె ఉంది, ఆమె కూడా సంతకే పోయింది. వాగు హోరులో పిల్ల ఏడుపు అవతలికి వినిపించే వీలు లేదు. కానీ జోగమ్మ నీటి అంచుకు వచ్చి, నా చేతుల్లోని మూటను చూసి, గంప కింద పారేసింది. ఆమె రవిక ముందంతా తడిసిపోయి ఉంది. అప్పటికి వాన ఇంకా మా మీద పడలేదు. ఆమె నీళ్ళలోకి దిగబోతే నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు.

పుల్ సాబ్ చూశాడు. చూసి, అర్థం చేసుకుని, ఉత్సాహపడ్డాడు. ఆ దూరం నుంచి కూడా నాకు తెలిసింది, ఆయన భుజాలు లేచిన తీరులో. చేతిమైకు తెప్పించాడు. సామాను ఏరడానికి మా వైపు మిగిలిపోయిన ఇద్దరు జవాన్లకు తాడు విసిరించి, ఇప్పచెట్టుకు కట్టమన్నాడు. తాడు మీద కప్పీ, దానికి వేలాడే పట్టీ. వాగు మీదుగా మనిషిని లాగే ఏర్పాటు. అంతవరకు బాగానే ఉంది. తరవాత మిగిలిన జవాన్లందరినీ గట్టు మీద వరసగా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. తాడు ఎంత వాలుగా ఉండాలి, బరువు ఎక్కడ పడుతుంది, కప్పీ ఎందుకు తిరుగుతుంది, అన్నీ. మైకులో ఆయన హిందీ మా గట్టు దాకా వస్తోంది. వాళ్ళ వెనకాల జోగమ్మ రెండు చేతులు రొమ్ముకు అదుముకుని నిలబడి ఉంది.

నేను గొంతు చించుకుని అరిచాను. "సార్! పాఠం తరవాత చెప్పుకోండ్రి! ముందుగాల ఆమెను పంపుండ్రి!"

"తొందరపాటే ప్రమాదం సిస్టర్!" అంది మైకు.

ఆ మాట తప్పు కాదు. ఆయనతో చిక్కు అదే. ఆయన ఏ మాటా తప్పు కాదు.

ముందు ఒక ఇసుక బస్తాను పంపాడు. వచ్చింది. మళ్ళీ లాక్కుని దాని గురించి కాసేపు చెప్పాడు. తరవాత తనే ఎక్కాడు. ఆ వయసులో, ఎర్రటి వరద మీద వేలాడుతూ, కాళ్ళు చాచి, ఈల నోట్లో పెట్టుకుని వచ్చాడు. పిరికివాడని మాత్రం ఎవరూ అనలేరు. నా పక్కన దిగి, పట్టీ విప్పుకుని, ఇక పంపమని చెయ్యి ఊపాడు.

జోగమ్మ వచ్చింది. ఆమె తాడును పట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. వచ్చినంతసేపూ నా చేతుల వైపే చూసింది. జవాన్లు పట్టీ విప్పీ విప్పకముందే పిల్లను లాక్కుని, అక్కడే బురదలో కూలబడి, మాకు వీపు తిప్పి కూర్చుంది. ఏడుపు ఆగిపోయింది.

పుల్ సాబ్ చప్పట్లు కొట్టాడు. అవతల గట్టు మీద జవాన్లు కూడా కొట్టారు.

"ఎలా అనిపించిందో అడగండి సిస్టర్" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు, ఆమె జవాబు రికార్డు చేయడానికి.

అడిగాను. జోగమ్మ వెనక్కి తిరగలేదు. "మా దుంగలు మాకు ఎయ్యమను" అంది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "దుంగలా!" అని ఆయన నవ్వి, పక్కనున్న జవాన్లకు హిందీలో వినిపించాడు. వాళ్ళు నవ్వలేదు. అందులో ఒకడు తల దించుకుని తాడు సర్దుకున్నాడు.

మిగతా జనాన్ని ఒక్కొక్కరినే చేరవేసేసరికి పొద్దు కుంకింది. ప్రతి మనిషికీ ఒక ఈల. చివరికి తడిసి ముద్దయి మా అరుగు మీద కూర్చుని టీ అడిగాడు. ఇచ్చాను. గ్లాసు పట్టుకుని, నేను అడక్కుండానే అన్నాడు.

"నా సర్వీసులో ఎన్ని నదుల మీద కట్టానో సిస్టర్. ఒక్క వంతెనా ఇప్పుడు లేదు. అన్నీ నేనే విప్పించాను. ఒక్క పిన్ను పోలేదు." ఒక గుక్క తాగి, "వదిలేసి వెళ్తే శత్రువు వాడుకుంటాడు" అన్నాడు.

"ఇక్కడ శత్రువు ఎవరు సార్?"

ఆయన టీ చల్లారిందన్నట్టు గ్లాసులోకి చూశాడు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన ముసలివాడుగా కనిపించాడు. అంతలోనే సర్దుకుని, "అలాంటి ప్రశ్నలు శిక్షణలో రావు" అని లేచాడు. నేను జాలిపడలేదు. పిల్ల ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

తెల్లారి లారీలు వెళ్ళిపోయాయి. మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని తాటిచెట్ల కోసం పోయారు. నడి వానల్లో చెట్టు కొట్టి మోసుకురావడం ఎంత కష్టమో నేను చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ళకు వాగు మీద కాంక్రీటు వంతెన వచ్చింది. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కట్టాడు, అక్కడక్కడ పెచ్చులూడింది, అయినా ఉంది. జోగమ్మ కూతురు దాని మీదుగానే బడికి పోతుంది.

ఆయన చావు కబురు వచ్చిన తర్వాత ఎండాకాలంలో ఒకామె జీపు దిగి మా కేంద్రానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, అదే నిటారు వీపు. పుల్ సాబ్ కూతురు. వైజాగులో బ్యాంకు ఉద్యోగమట. తండ్రి నా గురించి చెప్పాడట, అక్కడ ఒక తెలుగు సిస్టర్ ఉంటుందని.

"అమ్మ పంపిందండి. నాన్నగారు ఇక్కడ వంతెన కట్టారుగా. దాని దగ్గర ఫోటో కావాలంది. గోడకి పెట్టుకుంటుందట."

వాగు దగ్గరకు తీసుకుపోయాను. ఆమె కాంక్రీటు వంతెన పిట్టగోడ మీద చెయ్యి వేసి నిమిరింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. అది ఆయన కట్టింది కాదని నేను చెప్పలేదు. పోయిన మనిషి కూతురితో నాకు తగువేంటి అనుకున్నాను.

అంతలో జోగమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చింది. ఎవరీమె అని అడిగింది. చెప్పాను. జోగమ్మ దగ్గరకొచ్చి ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది.

"ఇది కాదు బిడ్డా. ఇది ఠేకేదారు కట్టిండు. మీ నాయన కట్టింది గక్కడ. మీ నాయనే ఇప్పుకపోయిండు."

ఆ కూతురు నావైపు తిరిగింది. ఇక దాచేదేముంది? జోగమ్మ ఇన్నేళ్ళలో నా దగ్గర నేర్చుకున్న తెలుగులో చెబుతుంటే నేను తర్జుమా చేయాల్సిన అవసరం కూడా రాలేదు. ఇప్పచెట్టు, తాడు కట్టిన చోటు, తను కూలబడిన చోటు, అన్నీ చూపించింది. కోపంగా చెప్పలేదు. పోయిన ఏడు పంట ఎట్లా పోయిందో చెప్పినట్టు చెప్పింది. దుంగల సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఆ కూతురు నొచ్చుకుంటుందనుకున్నాను. పిట్టగోడ మీంచి చెయ్యి తీసేసి, గట్టు దిగి, నీళ్ళ దగ్గర ఒక రాయి మీద కూర్చుంది. ఎండాకాలపు వాగు, పాదాలు మునిగేంత నీళ్ళు.

"నా చిన్నప్పుడు క్వార్టర్సులో నాన్నగారు వేపచెట్టుకి నాకు ఉయ్యాల కట్టారండి" అంది. "శనివారం కట్టారు. ఎంత బాగా కట్టారంటే, కాలనీ పిల్లలందరూ వచ్చి ఊగారు. ఆదివారం సాయంత్రం విప్పేశారు. చెట్టు మీద గుర్తు కూడా లేకుండా."

జోగమ్మ మేకల్ని వదిలేసి ఆమె పక్కన వచ్చి కూర్చుంది.

సాబ్ కూతురు లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని, ఫోన్ నా చేతికిచ్చింది. జోగమ్మ చూపించిన చోటికి నడిచి, నీళ్ళలో నిలబడింది.

"ఇక్కడ తీయండి సిస్టర్. ఆ వంతెన మాత్రం రాకుండా తీయండి."

"ఒట్టి నీళ్ళే వస్తయి కదమ్మా. మీ అమ్మకు ఏం చూపిస్తవు?"

"ఇదే చూపిస్తాను" అంది. "అమ్మకి అలవాటే."